228 మిల్లీసెకన్లు: ఇంటి కంప్యూటర్‌లో మొదటి పాట, ఒక కేస్ స్టడీ

పాటలు రికార్డు చేయడం, మిక్స్ చేయడం నా వృత్తి. కంప్యూటర్‌లో సంగీతం మొదలుపెట్టాలనుకునే వాళ్లకి, ఒక్కొక్కరికీ విడిగా, ఆ పని నేర్పుతుంటాను కూడా. ఇది అలా నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన సంగతి. రాస్తానంటే సరేనన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 61. నేను మాస్టారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవారు.

సొంతంగా రాసి, బాణీ కట్టుకున్న పాటలు ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ నిండా ఉన్నాయి. "కాగితం మీద ఉన్నంతకాలం అది పాట కాదు బాబూ. ఒక్కటైనా పదిమందీ వినేలా చేసుకోవాలి" అన్నారు. ఏడు నెలలుగా తనంతట తాను ప్రయత్నించి, విసిగిపోయి వచ్చారు. మొదటి రోజే ల్యాప్‌టాప్ తెరిచి ఫోల్డర్ చూపించారు. ఒకే పల్లవికి 23 టేకులు. ఒక్కటీ చివరిదాకా లేదు.

ఆయన చెప్పుకున్న లోపాలు రెండు. లయ నిలబడటం లేదు, ఎంత జాగ్రత్తగా పాడినా వెనకబడుతున్నారు. రెండోది, దమ్ము చాలడం లేదు. దీర్ఘం పట్టుకుంటే మధ్యలోనే గొంతు వాడిపోతోంది, వయసు ప్రభావం అనుకున్నారు. చిన్నప్పుడు సంగీతం నేర్పినాయన "నీకు తాళజ్ఞానం లేదు" అన్నారట. ఆ మాట దాదాపు 50 ఏళ్లుగా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు కంప్యూటర్ కూడా అదే మాట అంటున్నట్టు అనిపించింది ఆయనకి.

ఆయన సరంజామా ఇది: 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు విండోస్ ల్యాప్‌టాప్, దానిలోనే ఉన్న మైక్, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్, ఒక ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఎక్కడో దొరికిన డ్రమ్స్ లూప్. లూప్ వేగం నిమిషానికి 84 బీట్లు. కొత్తగా మొదలుపెట్టే చాలామంది దగ్గర ఉండేది ఇంతే. ఇందులో తప్పేమీ లేదు కూడా.

మొదటి పూట నేను చేసిన పొరపాటు

23వ టేకు తెరిచి చూశాను. ప్రతి మాటా బీట్ దాటాక మొదలవుతోంది. చేతిలో మౌస్ ఉంది కదా అని క్లిప్‌ను పట్టుకుని వెనక్కి జరిపాను. పల్లవి చక్కగా కూర్చుంది. "వినండి మాస్టారూ" అన్నాను. విన్నారు గానీ ఆయన మొహంలో సంతోషం లేదు. "నువ్వు దిద్దావు కాబట్టి సరిపోయింది బాబూ. తప్పు తప్పే కదా" అన్నారు.

ఆ మాట నిజమే. క్లిప్ మొత్తాన్ని ఒకే కొలతలో జరిపితే పల్లవి అంతా కుదిరింది. అంటే మొదటి మాట ఎంత ఆలస్యమో చివరి మాటా అంతే ఆలస్యం. లయ లేని మనిషి అలా పాడలేడు. ఒకచోట ముందుకు ఉరుకుతాడు, ఒకచోట వెనకబడతాడు. ప్రతిసారీ ఒకే దూరంలో వెనకబడుతున్నాడంటే అది మనిషి తప్పు కాదు, గొలుసులో ఎక్కడో యంత్రం చేస్తున్న పని. అప్పటికప్పుడే నాకు తట్టాల్సిన సంగతి ఇది. తట్టలేదు. ఆ పూటంతా క్లిప్పులు జరుపుతూ గడిపేశాను.

మర్నాడు ఆయన ఏదో పాత చరణం గుర్తుచేసుకుంటూ, బల్ల మీద చేత్తో తాళం వేసుకుంటూ పాడారు. విన్నవాడిని విన్నట్టే ఉండిపోయాను. తాళం, మాట అతుక్కుని ఉన్నాయి. ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ పాడమని అడిగి రికార్డు చేశాను. తర్వాత దాన్ని కంప్యూటర్‌లో పెట్టి పెద్దది చేసి చూశాం. బల్ల మీద చెయ్యి పడిన చోటే మాట మొదలవుతోంది, రెండు మూడు చోట్ల తప్ప. యంత్రం లేకుండా కుదురుతున్న లయ యంత్రంతో పాడితే తప్పుతోందంటే వెతకాల్సింది యంత్రంలోనే.

కొలత

ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, అయిదు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్ మీద టిక్ టిక్ మనే క్లిక్ పెట్టండి. ఎనిమిదో పదో చాలు. హెడ్‌ఫోన్స్‌ను తలకి పెట్టుకోకుండా, ఒక చెవి కప్పును మైక్‌కి ఆనించండి. రెండో ట్రాక్‌లో రికార్డు నొక్కండి. హెడ్‌ఫోన్స్‌లోంచి వచ్చిన క్లిక్ మైక్‌లోకి వెళ్లి రికార్డవుతుంది. ఆపాక రెండు ట్రాకులనూ తెర నిండా పెద్దవి చేసి, మొదటి ట్రాక్‌లో క్లిక్ ఎక్కడ మొదలైందో, రెండో ట్రాక్‌లో అదే క్లిక్ ఎక్కడ మొదలైందో చూడండి. ఆ మధ్య దూరమే మీ కంప్యూటర్ మీకు తెలియకుండా కలుపుతున్న ఆలస్యం. మనిషి ప్రమేయం ఏమీ లేదు కాబట్టి ఎవరి లయ గురించీ వాదన ఉండదు.

మాస్టారి ల్యాప్‌టాప్‌లో సగటున 228 మిల్లీసెకన్లు వచ్చింది.

నేను ఇంకా తెర వంకే చూస్తున్నాను, ఆయన కాగితం తీసుకున్నారు. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు, దాన్ని 84తో భాగిస్తే ఒక బీట్‌కి 714. 714లో 228 అంటే దాదాపు మూడో వంతు. పెన్ను పక్కన పెట్టి, "బీట్‌లో మూడో వంతు నాది కాదన్నమాట" అన్నారు. ఆ మాట అన్న తీరు నాకు ఇంకా గుర్తుంది.

ఆ ఆలస్యంలో పెద్ద వాటా బ్లూటూత్‌ది. తీగలో అయితే శబ్దం విద్యుత్తుగా నేరుగా పారుతుంది. బ్లూటూత్‌లో అలా కాదు. కంప్యూటర్ శబ్దాన్ని కుదించి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. దారిలో ఒకటీ అరా పోయినా పాట తెగినట్టు వినపడకూడదని హెడ్‌ఫోన్స్ కొంత నిల్వ పెట్టుకుని, ఆ తర్వాతే విప్పి వినిపిస్తాయి. ఆ నిల్వకు పట్టే సమయమే మనకు ఆలస్యం. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే వీడియో ప్లేయర్లు సాధారణంగా బొమ్మను కూడా ఆ మేరకు ఆలస్యం చేసి పెదాలకి మాటను కలుపుతాయి. పాడే మనిషిని అలా జరపడం వాటివల్ల కాదు. మాస్టారు క్లిక్‌ను ఆలస్యంగా విన్నారు, విన్నదానికి సరిగ్గానే పాడారు, అది ఆలస్యంగానే రికార్డయింది. తాళం ఎంత కచ్చితంగా పట్టుకుంటే అంత కచ్చితంగా వెనకబడతారు.

అదే ల్యాప్‌టాప్‌కి పాత తీగ ఇయర్‌ఫోన్స్ తగిలించి మళ్లీ కొలిచాం. 64 వచ్చింది. ఈ మిగిలిన 64 బఫర్లది. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కలు చుక్కలుగా కాదు, గంగాళంతో తోడినట్టు ఒక్కసారిగా కొంత తీసుకుని పనిచేస్తుంది. ఆ గంగాళమే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, తీసుకునేటప్పుడు, 1024 శాంపిళ్ల బఫర్ నిండటానికి 21.3 మిల్లీసెకన్లు పడుతుంది. 128 శాంపిళ్లకైతే 2.7 చాలు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, దాని మీద డ్రైవర్ (సౌండ్ పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) తీసుకునే సమయం. అన్నీ కలిసి ఆ 64.

ఇక్కడొక తేడా చెప్పాలి, చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఆలస్యాలు రెండు రకాలు. పాడుతున్న గొంతు మన చెవికి ఆలస్యంగా తిరిగి వినపడటం ఒకటి. పాడింది ట్రాక్ మీద తప్పు చోట పడటం రెండోది. మొదటిది పాడేవాణ్ణి తడబెడుతుంది. దాన్ని తగ్గించాలంటే బఫర్ చిన్నది చేయాలి, లేదా గొంతును కంప్యూటర్‌లోకి పోనివ్వకుండా ముందే చెవికి పంపే డైరెక్ట్ మానిటరింగ్ వాడాలి. రెండోదానికి బఫర్‌తో అంత పని లేదు. ఎంత ఆలస్యమో సాఫ్ట్‌వేర్‌కి తెలిస్తే చాలు, రికార్డయిన ప్రతి టేకునూ అదే ఆ మేరకు వెనక్కి జరుపుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో లేటెన్సీ కాంపెన్సేషన్ అనే అమరిక ఉండేది ఇందుకే. మేం అక్కడ 64 అని పెట్టి క్లిక్ పరీక్ష మళ్లీ చేశాం. రెండు క్లిక్కులూ ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి.

అప్పుడు తీగ ఇయర్‌ఫోన్స్‌తో మాస్టారు పల్లవి పాడారు. 24వ టేకు. నేను మౌస్ ముట్టుకోలేదు. మొదటి మాట బీట్ మీదే పడింది.

ఒక్క వస్తువు కూడా కొత్తగా కొనకుండా జరిగింది ఇది. మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది కూడా ఇదే: ఏదీ కొనకముందు తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ తగిలించి, క్లిక్ పరీక్ష చేయండి.

వాడిపోతున్న దీర్ఘాలు

రెండో ఫిర్యాదుకి కారణం ఇంకా తొందరగా దొరికింది. దీర్ఘం పట్టుకుని పాడమని, తెర మీద వేవ్‌ఫామ్, అంటే శబ్దం బొమ్మ, చూశాను. మొదట్లో నిండుగా ఉంది, సెకను గడిచేసరికి సన్నబడిపోయింది. ఎదురుగా కూర్చుని విన్న నా చెవికి మాత్రం గొంతు ఏమాత్రం తగ్గలేదు.

ల్యాప్‌టాప్ మైకులు కాల్స్ మాట్లాడటం కోసం పెట్టినవి. మాటకి, ఫ్యాన్ హోరుకి తేడా పట్టుకుని హోరును అణచివేసే ఏర్పాటు వాటిలో ఉంటుంది. మాట ఎప్పుడూ మారుతూ ఉంటుంది, ఫ్యాన్ హోరు ఒకే తీరుగా సాగుతుంది. ఆ లెక్కన చూస్తే స్థిరంగా పట్టుకున్న స్వరం దానికి హోరులాగే కనపడుతుంది. గాయకుడు ఎంత నిలకడగా పట్టుకుంటే అంత అణిచేస్తుంది. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ మైక్ వివరాల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేశాం. దీర్ఘం చివరిదాకా నిలబడింది.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏడు నెలలు పొద్దున్నే లేచి ఊపిరి సాధన చేశారట, ఈ దమ్ము కోసం. ఆ సాధన వృథా కాలేదు, గొంతులో తెలుస్తూనే ఉంది. కానీ మనిషి తనలో లేని లోపాన్ని నమ్మి ఏడు నెలలు గడపడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మైక్, గది

లయ కుదిరాక, గొంతు నాణ్యత కోసం నా దగ్గరున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక డైనమిక్ మైక్ ఆయనకి కొన్నాళ్లు ఇచ్చాను. కండెన్సర్ మైక్ కావాలని ఆయన మనసులో ఉంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. అది నాకు అడ్డం కాదు. అడ్డం ఆయన గది. ఖాళీ గోడలు, నున్నటి నేల, చప్పట్లు కొడితే గణగణ మోగుతుంది. కండెన్సర్ పెడితే గొంతుతో పాటు ఆ మోత కూడా స్పష్టంగా వస్తుంది. డైనమిక్ మైక్‌కి దగ్గరగా పాడితే గది తక్కువగా వినపడుతుంది. శబ్దాన్ని అదుపు చేయని గదుల్లో మొదటి మైక్‌గా నేను డైనమిక్‌నే ఇస్తాను.

గదిలో చేసిన మార్పు ఒక్కటే, ఒక మందపాటి బొంత. దాన్ని ఎక్కడ కట్టాలన్నదే అసలు విషయం. అందరూ మైక్ వెనకాల, పాడేవాడికి ఎదురుగా కడతారు. ఇలాంటి మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం, అంటే ముందు నుంచి వచ్చేది బాగా వింటాయి, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ వింటాయి. మైక్ ముందువైపు పాడేవాడు ఉన్నాడంటే, అది చూస్తున్నది అతని వెనకున్న గోడను. కాబట్టి బొంత పాడేవాడి వీపు వెనక ఉండాలి. మాస్టారి వెనక కట్టాం. ల్యాప్‌టాప్‌ను దాని ఫ్యాన్ చప్పుడుతో సహా మైక్ వెనకవైపుకి జరిపాం.

మైక్ నుంచి జానెడు దూరం, కొంచెం పక్కకి. నోటికి నేరుగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి వచ్చి మైక్‌ను కొడుతుంది, ధబ్బున మోగుతుంది. ఆయన పల్లవిలోనే రెండు భ కారాలున్నాయి. మైక్‌ను నోటి మూలకి జరిపితే రెండూ శుభ్రంగా వచ్చాయి.

గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని రికార్డుకి ముందు ఎంత పెంచాలన్న విషయంలో, చాలామంది మీటర్ ఎర్రబడేదాకా పెంచుతారు, గట్టిగా వస్తే మంచిదని. టేపుల కాలంలో సన్నగా రికార్డు చేస్తే టేపు హోరు పైకి వచ్చేది, ఆ భయం అక్కడిది. 24 బిట్ రికార్డింగ్‌లో సిద్ధాంతపరంగా 144 డెసిబెల్స్ పరిధి ఉంటుంది, సీడీల 16 బిట్‌లో 96. అంత చోటు ఉన్నప్పుడు అంచుదాకా వెళ్లక్కర్లేదు. ఆయన ఎంత గట్టిగా పాడినా మీటర్ మైనస్ 10 దగ్గర ఆగేలా పెట్టాం. సున్నా దాటి పగిలిన శబ్దాన్ని మళ్లీ పాడటం తప్ప బాగుచేసే దారి దాదాపు లేదు.

ఇంటర్‌ఫేస్‌కి ఆలస్యం తగ్గించే దాని సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ వేసి, బఫర్ 128 పెట్టాం. పోనూ రానూ కలిపి 9 మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, అది మూడు మీటర్ల దూరంలో ఉన్న వాయిద్యాన్ని వినడంతో సమానం. కచేరీ వేదిక మీద పక్కవాళ్లు అంత దూరంలో ఉండటం మామూలే. ఒకరోజు చిటపటలు వస్తున్నాయని ఫోన్ చేశారు. అప్పటికి ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఎక్కువయ్యాయి, చిన్న బఫర్‌లో ప్రాసెసర్‌కి అంత పని సర్దడం కుదరలేదు. పాడేటప్పుడు 128, మిక్స్ చేసేటప్పుడు 1024 అని అలవాటు చేశాను. మళ్లీ ఆ ఫోన్ రాలేదు.

వాయిద్యాలు లేని మనిషి వాయిద్యాలు

ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్న మీద నేను ఎక్కువ సమయం పెట్టను. మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగానే దొరుకుతుంది. రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, బరువు తక్కువ, పాత కంప్యూటర్లను కూడా ఇబ్బంది పెట్టదు. మాస్టారికి రీపర్ వేశాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు, పొట్టిగా డా. ఒకటి సరిగ్గా వస్తే ఇంకోదానికి మారడం పెద్ద కష్టం కాదు. వారానికొకటి మార్చేవాళ్లు మాత్రం ఏదీ పూర్తి చేయలేరు.

ఆయనకి ఏ వాయిద్యమూ రాదు. అందుకే మిడి ఆయనకి బాగా నచ్చింది. మిడి శబ్దం కాదు, ఆజ్ఞ. ఏ మీట, ఎంత గట్టిగా, ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి, అంతే ఉంటుంది అందులో. ఆ ఆజ్ఞను పియానోకి ఇస్తే పియానో మోగుతుంది, వేణువుకి ఇస్తే వేణువు. ఈ మిడితోనే 1983 జనవరిలో ఒక సంగీత వాణిజ్య ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ని, రోలాండ్ వారి జూపిటర్-6ని తీగతో కలిపి, ఒక సంస్థ కీబోర్డ్ నొక్కితే ఇంకో సంస్థ కీబోర్డ్ పలికేలా చూపించారు. దీని వెనకున్న డేవ్ స్మిత్‌కి, ఇకుతారో కకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మాస్టారి ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నది ఇప్పటికీ ఆ భాషే.

మీటలు 0 నుంచి 127 దాకా అనగానే, "128. రెండుకి ఏడో ఘాతం. ఏడు బిట్లా బాబూ?" అన్నారు. ఏడు బిట్లే. ఆయన శ్రుతి ఒకటిన్నర, అంటే సీ షార్ప్. మధ్య స్థాయి సీ 60 కాబట్టి, ఆయన షడ్జం దాని కింది స్థాయిలో 49. 69వ సంఖ్య 440 హెర్ట్జ్ అని చెబితే, ఒక్కో మెట్టు రెండుకి పన్నెండో మూలం అని తానే పట్టుకుని, ఇరవై మెట్లు దిగి 138.6 హెర్ట్జ్ అని కాగితం మీద తేల్చారు. సాఫ్ట్‌వేర్‌లో శబ్దం ఎన్ని హెర్ట్జ్ దగ్గరుందో గీసి చూపే ఎనలైజర్ పెట్టి షడ్జం పాడించాను. మొన అక్కడే లేచింది. తన గొంతును ఒక సంఖ్యగా చూడటం ఆయనకి ఎంత సంతోషం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను.

కీబోర్డ్ లేదు కాబట్టి పియానో రోల్ అనే గళ్ల తెర మీద మౌస్‌తోనే ఒక్కో స్వరం గీశారు. గీసినవన్నీ ఒకే బలంతో, సరిగ్గా గీత మీద ఉన్నాయి. వింటే గడియారంలా ఉంది. సన్న తాళాల వరసలో నాలుగు దెబ్బలు తీసుకుని, బలాన్ని 100, 62, 84, 58 అని మార్చి చూపించాను. వెంటనే అది నడకలా వినపడింది. మిగతాదంతా ఆయనే మార్చుకున్నారు, రెండు రాత్రులు కూర్చుని.

పాట మొత్తం ఒకేసారి పెట్టుకోవద్దని మొదటే చెప్పాను. పల్లవి ఒక్కటే, 16 బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు), 84 వేగంలో 46 సెకన్లు. గొంతు, తంబురలా సాగే ఒక శ్రుతి, సన్న తాళాలు, ఒక బేస్. దాన్ని మిక్స్ చేసి, ఫైలుగా బయటికి తీసి, ఫోన్‌లో వినేదాకా చరణం జోలికి పోకూడదు. మొదటి వారం అదే జరిగింది. చివరి మెట్టుదాకా ఒకసారి వెళ్లి వచ్చిన మనిషికి రెండోసారి ఏ మెట్టు దగ్గర ఎంత సమయం పెట్టాలో తెలుస్తుంది. 23 టేకుల ఫోల్డర్‌లో లోపించింది అదే.

మిక్స్

ఇక్కడ పని తక్కువే. గొంతు మీద 80 హెర్ట్జ్ కింద కోసేశాం. ఆయన మంద్ర పంచమం దాదాపు 104 దగ్గర ఉంటుంది కాబట్టి గొంతుకి నష్టం లేదు, బల్ల కదలికలు, వీధి హోరు పోయాయి. మాట స్పష్టంగా లేదని గొంతు పెంచుతూ పోయారు. నేను పెంచిందంతా వెనక్కి తీసి, శ్రుతి ట్రాక్‌లో 300 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించాను. గొంతును ముట్టుకోకుండానే మాట పైకి తేలింది. గట్టి చోట్లను తగ్గించే కంప్రెసర్ మూడుకి ఒకటి, తేలిగ్గా. గది మోతలాంటి రివర్బ్ ఉందని తెలియనంత.

పిచ్ సరిదిద్దే ప్లగిన్ వేయమని ఎవరో ఆయనకి సలహా ఇచ్చారు. వేగంగా పనిచేసేలా పెట్టి ఒకసారి వినిపించాను. ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే చోటల్లా అది మెట్లు కట్టింది. "ఇది నేను కాదు" అన్నారు. తీసేశాం. పాటకి పనికొచ్చే చోట దాన్ని నేనూ వాడతాను, ఈ పాటకి అది అక్కర్లేదు.

చివరి శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినపడే గట్టిదనానికి కొలత) దగ్గర, శిఖరాలు మైనస్ 1 దాటకుండా ఉంచాం. స్ట్రీమింగ్ సేవలు అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి తెస్తాయి కాబట్టి అంతకన్నా బాది గట్టిగా చేయడంలో లాభం లేదు.

ఏం మిగిలింది

పూర్తి పాట 3 నిమిషాల 12 సెకన్లు, తొమ్మిది వారాలు పట్టింది. రెండో చరణంలో డ్రమ్స్ ఇంకా బిగుసుకునే ఉన్నాయి, ఆయన ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. మళ్లీ ఇలాంటి కేసు వస్తే మొదటి పూటే క్లిక్ పరీక్ష చేస్తాను. పాడే మనిషి చేత ముందుగా యంత్రం లేకుండా, చేత్తో తాళం వేయించి పాడిస్తాను. ఇప్పుడు ఎవరు వచ్చినా ఈ రెండూ అయ్యాకే సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నాను.

పాట అయిపోయిన మర్నాడు మాస్టారు పాత ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చారు. ఆ 23 టేకులూ 228 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి చూద్దామన్నారు. బ్లూటూత్ కలిపిన ప్రతిసారీ ఆలస్యం కొద్దిగా మారుతుంది కాబట్టి కొన్నింటికి 215 దాకా, ఒకటి రెండింటికి 240 దాకా సర్దాల్సి వచ్చింది. ఒక్కో టేకుకి మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే కొలత వాడాం, లోపల ఏ మాటనూ విడిగా కదపలేదు. దీర్ఘాలు వాడిపోయే ఉన్నాయి, రికార్డు అవుతున్నప్పుడే పోయింది తిరిగి రాదు. లయ మాత్రం 19 టేకుల్లో నిక్కచ్చిగా ఉంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడోది మళ్లీ పెట్టు బాబూ" అన్నారు.